ఇరవై కిలోల బిళ్ళ

"తిప్పేస్వామి లేకుండా గుత్తికి పోయేదానికంటే ఈడనే కూచోని చెనిక్కాయలు ఒలుచుకునేది మేలు" అన్నాడు గోవిందప్ప.

"వాడుంటే మాత్రం ఏం? అరవై దాటితే వాన్ని గీత గూడా ముట్టనీరు. పోయేటప్పుడు లారీకి బరువు, వచ్చేటప్పుడు లారీకి బరువు" అన్నాడు హోటలు కదిరప్ప.

బుధవారం సాయంత్రం. గార్లదిన్నెలో వీరప్ప మండీ వాకిట్లో వేరుశెనగ కాయల తూకాలు ముగిశాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెట్టుకు నాలుగు కాయలు కాస్తే అందులో రెండు పొల్లు. అయినా పీకిన కాయలు మండీకి తేక తప్పదు గనక రైతులు తెస్తున్నారు. తూకం వేయించుకున్నాక ఇళ్ళకు పోకుండా బస్తాల మీద కూర్చుని కబడ్డీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ ఏడు మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి విషయం ఎవరి దగ్గరా లేదు.

ఆదివారం గుత్తి కోట కింద అరవై కిలోల పోటీ. ఆడే ప్రతి ఒక్కడూ అరవై లోపే ఉండాలి. ఆటకు ముందు అందరినీ కాటా ఎక్కిస్తారు, అర కిలో ఎక్కువున్నా దించేస్తారు. మొదటి ఆటే గుత్తికీ గార్లదిన్నెకూ. రెండేళ్ళ కిందట ఒక్క పాయింటుతో ఓడిన సంగతి ఊరి గొంతులో ఇంకా ముల్లులాగే ఉంది. పైగా ఈసారి రైల్వే జట్టుకు మనుషులను ఎంచే ఆయన చూడ్డానికి వస్తున్నాడనీ, మంచి కూతగాడు కంటబడితే లైను మీద పని ఇప్పిస్తాడనీ కబురు. ఆ కబురు వచ్చిన నాటి నుంచి తిప్పేస్వామి తిండి మానేశాడు.

"ఎక్కురా" అన్నాడు వెంకటరాముడు.

వెంకటరాముడు ఆ మండీ కాటాదారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇనుప పలక పక్కన నిలబడి నిలబడి అతని ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. ఏ బస్తా ఎంత తూగిందో అతను అరిచిన అంకెకు ఎదురు చెప్పినవాడు లేడు. జట్టులో ఎవడు ఎడమ మూలన నిలబడాలి, ఎవడు గొలుసు పట్టాలి అన్నప్పుడు కూడా చివరికి అందరూ అతని ముఖమే చూస్తారు.

తిప్పేస్వామి అదే మండీలో హమాలీ. చొక్కా విప్పి బస్తా మీద పడేసి, కాళ్ళకంటిన మట్టి కూడా బరువే అన్నట్టు రెండు పాదాలూ దులుపుకుని పలక ఎక్కాడు. ఎగబీల్చిన కడుపు మీద లాగు జారిపోకుండా గోనె తాడు కట్టుకుని ఉన్నాడు. వెంకటరాముడు మూడు ఇనుప బిళ్ళలు ఒకదాని మీద ఒకటి కొక్కేనికి తగిలించాడు. ఒక్కొక్కటి ఇరవై కిలోలకు గుర్తు. తరువాత దండె మీది చిన్న గుండును వేలితో మెల్లగా జరిపాడు. దండె రెండుసార్లు ఊగి, గాలిలో తేలి నిలిచింది.

"అరవై ఒకటింబావు."

ఎవరో సుద్దముక్కతో గోడ మీద రాశారు. తిప్పేస్వామి పేరుకు ఎదురుగా సోమవారం అరవై రెండు, మంగళవారం అరవై ఒకటీ ముప్పావు, ఇప్పుడిది. మిగతా ఆరుగురి అంకెలూ అక్కడే ఉన్నాయి. కెప్టెన్ లింగన్నది యాభై తొమ్మిదిన్నర.

"దిగుతాండాడప్పా, దిగుతాండాడు" అన్నాడు గోవిందప్ప సంతోషంగా. "ఆ గుత్తి పొడుగోడు ఉండాడే, వానికి కుడి కాలు ముందుకేసే అలవాటు. మనోడు ఒంగినాడంటే ఆ కాలు ముట్టకుండా వెనక్కి రాడు."

"కూత పెట్టేదానికి గొంతు ఉండద్దా? మొన్న నా హోటలు కాడ టీ అడిగితే నాకే వినపడలేదు" అన్నాడు కదిరప్ప. తిప్పేస్వామి టీ గ్లాసు ఆ హోటలు బయట గోడ గూట్లో వేరుగా ఉంటుంది. బయట నుంచి అడిగే మాట ఎంత గట్టిగా అడిగినా కదిరప్పకు ఆలస్యంగానే వినిపిస్తుంది.

అందరూ నవ్వారు. తిప్పేస్వామీ నవ్వాడు. చొక్కా తొడుక్కుంటూ గోడ మీది అంకె వైపు ఇంకోసారి చూసుకున్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక వెంకటరాముడు బిళ్ళలు దించి, గోనెగుడ్డతో తుడిచి సిమెంటు అరుగు మీద పెట్టాడు. తుడుస్తున్నంతసేపూ అతని బొటనవేలు ఒక్కో బిళ్ళ అడుగున ఉన్న గుంతను తడుముతూనే ఉంది. ఆ గుంతలో సీసం కరిగించి పోయించింది అతనే. ఖాళీ కాటా ఎప్పుడూ సమంగానే నిలుస్తుంది. అనుమానపు రైతు వంగి చూసుకున్నా తప్పు దొరకదు. బిళ్ళ తగిలిస్తేనే అబద్ధం మొదలవుతుంది. ఒక్కో బిళ్ళకు ముప్పాతిక కిలో. ఇరవై అని అరిచిన ప్రతిసారీ పలక మీద ఇరవై కిలోల ముప్పాతిక ఉంటుంది. అధికారులు తనిఖీకి వస్తే చూపడానికి సీసం లేని బిళ్ళలు మూడు, నూనె గుడ్డలో చుట్టి, అరుగు కింది చెక్కపెట్టెలో ఉన్నాయి. బిళ్ళలను కాటాదారు తప్ప ఇంకొకరు ముట్టకూడదన్నది ఆ మండీ కట్టుబాటు. ఎందుకో తెలిసింది అతనికీ వీరప్పకూ మాత్రమే.

ఆటగాళ్ళను ఇక్కడ తూచమని వీరప్పే చెప్పాడు. జట్టుకు బనియన్లు, గుత్తికి లారీ, అన్నీ ఆయనవే. ఊరి జట్టు ఊరి కాటా ఎక్కకపోతే ఇంకేది ఎక్కుతుంది? అప్పుడు వెంకటరాముడికి ఏమీ తోచలేదు. ఇన్నేళ్ళూ ఆ పలక మీద కాయలే తప్ప మనిషి ఎక్కలేదు. ఇప్పుడు ముప్పాతికలు మూడు కలుపుకుంటే తిప్పేస్వామి అరవై మూడున్నర ఉన్నాడు.

గురువారం పొద్దున పన్నెండు బండ్లు వచ్చాయి. తిప్పేస్వామి కొక్కితో బస్తా చెవి పట్టి లాగి, మోకాలి మీదికి ఎత్తుకుని, అక్కడి నుంచి వీపు మీదికి తిప్పుకోవాలి. రోజూ అది ఒకే ఊపులో జరిగే పని. ఆ రోజు మోకాలి దగ్గర ఆగుతోంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుతున్నాడు. మధ్యాహ్నం మిగతా హమాలీలు సంగటి ముద్దలు విప్పుకుంటే వాడు గొంగడి కప్పుకుని ఎండలో స్టేషను దాకా పరుగెత్తి వచ్చాడు. నోట్లో చింతగింజ పెట్టుకుని ఊరిన ఉమ్మినంతా ఉమ్మేస్తున్నాడు. ఉమ్మి కూడా బరువే అని ఎవరో చెప్పారట.

వెంకటరాముడు వాణ్ణి బస్తాల నీడకు పిలిచాడు. "కొంచేపు కూచోరా. ఈ నాలుగూ వాళ్ళు మోస్తార్లే."

తిప్పేస్వామి కూర్చోలేదు, బస్తాలకు ఆనుకుని నిలబడ్డాడు. "కూచుంటే లెయ్యలేనన్నా."

"సామీ, ఒక మాట చెప్తా విను. అరవై అని నిలిచిపోవద్దు. ఇంకో రెండు కిలోలు దిగు."

"రెండా?" వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "యాలన్నా? అరవై అయితే చాలు కదా."

"గుత్తి కాటా ఎట్లుంటాదో ఏమో."

"కాటా అంటే కాటానే కదన్నా. యాడైనా కిలో కిలోనే" అన్నాడు తిప్పేస్వామి. ఎగతాళిగా కాదు, చిన్నపిల్లవాడికి సర్దిచెప్పినట్టు చెప్పాడు.

సాయంత్రం అరవైన్నర చూపించింది. బస్తాల మీద కూర్చున్నవాళ్ళు కేక పెట్టినంత పని చేశారు. గోవిందప్ప లేచి వచ్చి తిప్పేస్వామి వీపు చరిచాడు.

"రేపటికి అరవై. అరవై చూపిచ్చినావంటే సందేళకు కోడికూర నాది. మా ఇంటిదానికి చెప్పినా. శనివారమంతా తిను, పండుకో. ఆదివారానికి ఒంట్లో జీవం రావాల."

"తింటే మళ్ళీ ఎక్కుతాడే" అన్నాడు లింగన్న.

"శనివారం పొద్దున మళ్ళీ ఎక్కిద్దాం. అర కిలో ఎక్కినా ఆదివారం పొద్దున ఉమ్మేస్తాడు. ఏమన్నా, నువ్వేమంటావు?" గోవిందప్ప వెంకటరాముడి వైపు తిరిగాడు.

అతను తల ఊపాడు. ఊపిన తరువాత గాని తను ఊపింది దేనికో తెలియలేదు.

ఆ కోడికూరే అతనికి కుదురు లేకుండా చేసింది. రేపు ఈ బిళ్ళలు అరవై అంటాయి. వాళ్ళు వాడికి తిండి పెడతారు. వాడు ఆబగా తింటాడు. ఆదివారం గుత్తిలో పలక ఎక్కితే రెండున్నర కిలోలు ఎక్కువుంటాడు, రైల్వే ఆయన ముందే దించేస్తారు. అదే రేపు కాటా నిజం చెబితే? ఇంకా రెండు కిలోలుందని వాడికి తెలుస్తుంది. ఇంకో రెండు రోజులు కడుపు బిగబడతాడు. కష్టమే. అయినా కడుపు మాడ్చుకోవడం వాడికి పుట్టినప్పటి నుంచీ అలవాటే. అంకె పెరిగిందేమని అడిగితే చలికి ఒంట్లో నీరు చేరిందని చెప్పవచ్చు. తన మాట కాదనేవాళ్ళెవరు? వెంకటరాముడు ఆలోచించుకున్నది ఇంతే. ఆ ఆలోచనలో అతనికి తప్పేమీ కనిపించలేదు. ఒక్కడికి, ఒక్కసారి, కాటా నిజం చెబుతుంది.

శుక్రవారం సాయంత్రం ఆఖరి బస్తా దిగగానే, జనం చేరకముందే, చెక్కపెట్టె తాళం తీశాడు. నూనెగుడ్డలోంచి మూడు బిళ్ళలు తీసి అరుగు మీద పెట్టి, పాతవి గోనె కిందికి నెట్టాడు. కొత్త బిళ్ళలకు తుప్పు లేదు. వాటి మీద గోనెపీచు రాల్చి అరచేత్తో రుద్దాడు.

ఆ రోజు మామూలు కంటే ఎక్కువమందే వచ్చారు. తిప్పేస్వామి పొద్దుటి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. పలక ఎక్కి, ఎదురుగా గోడ మీద తన పేరు పక్కన ఖాళీగా ఉన్న చోటు చూస్తూ నిలబడ్డాడు.

వెంకటరాముడు బిళ్ళలు తగిలించాడు. గుండు జరిపాడు. దండె ఇంకా లేవలేదు. ఇంకొంచెం జరిపాడు.

"అరవై రెండుంబావు."

సుద్దముక్క పట్టుకున్నవాడి చెయ్యి గోడ మీద ఆగిపోయింది. "ఎంత?"

"అరవై రెండుంబావు."

నిన్నటి అరవైన్నర గోడ మీద అందరికీ కనబడుతూనే ఉంది. తిప్పేస్వామి కిందికి వంగి తన పాదాలు చూసుకున్నాడు, పలక మీద ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు.

"ఏంటికిట్లయింది?" అన్నాడు గోవిందప్ప.

"చలి కదా. ఒళ్ళు నీరు పట్టింటాది" అన్నాడు వెంకటరాముడు. ముందే అనుకున్న మాట గనక తొందరగా వచ్చేసింది. "ఇంకా రెండు దినాలుండాయి. దిగుతాడు."

"నీళ్ళు తాగనోనికి నీరు యాడ్నుంచి పడతాదన్నా?" కదిరప్ప లేచి వచ్చి తిప్పేస్వామి చుట్టూ తిరిగాడు. ఎద్దును బేరమాడేవాడిలా వాడి కడుపు మీద రెండు వేళ్ళతో తట్టాడు. "నాకు ముందే అనుమానం. పగలంతా ఉపాసం, ఉమ్ములు, గొంగళ్ళు. రాత్రయితే వాళ్ళమ్మ ఎత్తిపెట్టిన ముద్ద. రెండు కిలోలు ఊరికే వస్తాయా?"

"లేదన్నా" అన్నాడు తిప్పేస్వామి. "నేను తినలేదు. దేవుని సాక్షిగా తినలేదు."

"అయితే కాటా అబద్ధం చెప్తాదా?"

తిప్పేస్వామి వెంకటరాముడి వైపు చూశాడు. అందరూ చూశారు. గద్దె మీద కూర్చున్న వీరప్ప కూడా కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఒక పని చేద్దాం" అన్నాడు లింగన్న. అతను మెతక మనిషి, వాడికి సాయం చేద్దామనే అన్నాడు. "నేనెక్కుతా. నిన్న నాది యాభై తొమ్మిదిన్నర. ఈ పొద్దు గూడా అంతే ఉంటే కాటా సరిగ్గా ఉన్నట్టు. లేదంటే కాటాకేదో అయినట్టు."

తిప్పేస్వామి దిగాడు. లింగన్న ఎక్కాడు. వెంకటరాముడు కొక్కెం మీది మూడు బిళ్ళలూ తీసి అరుగు మీద పెట్టాడు. లింగన్నకు రెండు చాలు. ఆ రెండు ఏవి? కొత్తవే తగిలిస్తే లింగన్న అరవై ఒకటి అవుతాడు. కాటాకేదో అయిందని అంటారు. ఏమైందని అడుగుతారు. అడిగేవాళ్ళంతా అక్కడే ఉన్నారు, పద్దెనిమిదేళ్ళ కాయలు తూయించుకున్నవాళ్ళు. అతని చెయ్యి గోనె కిందికి పోయింది. వేళ్ళకు గుంత తగిలింది.

రెండు పాత బిళ్ళలు తగిలించి గుండు జరిపాడు.

"యాభై తొమ్మిదిన్నర" అన్నాడు.

"ఇంగేం" అన్నాడు కదిరప్ప. "కాటా సరిగ్గానే ఉండాది."

గోవిందప్ప తిప్పేస్వామి ముందు నిలబడి, వాడి ముఖంలోకి ఒకసారి చూసి, కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళిపోయాడు. తిప్పేస్వామి మాత్రం అతన్ని చూడటం లేదు. అరుగు మీద మిగిలిపోయిన తుప్పు లేని బిళ్ళలను చూస్తున్నాడు. వెంకటరాముడు వాటి మీద గోనె కప్పాడు.

శనివారం పొద్దున మండీలో అదే మాట. ముందు రోజు చీకటి పడకముందే కదిరప్ప ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని తిప్పేస్వామి తల్లి మారెమ్మ గుడిసెకు పోయాడట. కుండల మూతలు తీసి చూశాడట.

"ఏముండాదిరా?" అని ఎవరో అడిగారు.

"ఏముంటాది? సట్టి అడుగున ఎసరు. అంతే. అంటే ఉన్నదంతా కొడుకు ఊడ్చేసినాడనే కదా. ముసిల్ది కాళ్ళు పట్టుకోని ఏడుస్తాది. నా కొడుకు నాలుగు దినాల నుంచి తినలేదంటాది. కన్నతల్లి ఇంకేమంటాది?"

తిప్పేస్వామి స్థానంలో లక్ష్మన్నను తీసుకున్నారు. వాడి కూత నాలుగు అడుగులకే తెగిపోతుందని అందరికీ తెలుసు. అయినా తిండికి దొంగతనం చేసినవాడికంటే నయమన్నారు. గోడ మీద తిప్పేస్వామి పేరు తుడిచేశారు. అరచేత్తో తుడిచినందువల్ల పేరు పోలేదు, అలుక్కుపోయి ఇంకా పెద్దదైంది.

తిప్పేస్వామి పనికి వచ్చాడు. బస్తా ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు "రాత్రేం కూరరా" అంటున్నారు. ఒకడు సంగటి ముద్దంత మట్టిగడ్డ తెచ్చి కాటా పలక మీద పెట్టి, "ఇది ఎన్ని కిలోలన్నా?" అని వెంకటరాముణ్ణి అడిగాడు. నవ్వు ఆగేదాకా వెంకటరాముడు ఆగి, గడ్డను తీసి పక్కన పడేసి, పలక తుడిచాడు.

మధ్యాహ్నం తన సద్ది మూట తీసుకుని గోదాము వెనక్కి పోయాడు. తిప్పేస్వామి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మూట విప్పి వాడి ముందు పెట్టాడు. రాగి సంగటి, ఊరిబిండి, ఒక ఎర్రగడ్డ.

తిప్పేస్వామి చాలాసేపు దాన్ని చూశాడు. తరువాత ముద్ద అంచు నుంచి చిన్న ఉండ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నాలుగు రోజుల నోరు తొందరగా మింగలేకపోయింది. దవడ కదులుతుంటే కంటి పక్క నరం కదిలింది. వెంకటరాముడు చెంబుతో నీళ్ళు పోశాడు. వాడు తాగాడు.

"నేను తినలేదన్నా" అన్నాడు సగం ముద్ద అయ్యాక.

"నాకు తెలుసు."

తిప్పేస్వామి నమలడం ఆపాడు. "నీకెట్ల తెలుసు?"

వెంకటరాముడు చెంబు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. గోదాములో ఎవరో బస్తా దబ్బున దించారు. అతను లేచి, పంచె దులుపుకుని, "మొత్తం తిను. ఎర్రగడ్డ గూడా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదివారం వీరప్ప లారీ నిండా జనం. గుత్తి చేరేదాకా డప్పులు. జట్టు గులాబీ రంగు బనియన్లలో ఉంది. కోట నీడ అప్పుడే మైదానం మీది నుంచి వెనక్కి జరుగుతోంది. గీతల పక్కన గొడుగు కింద కుర్చీలో ఒక బట్టతల ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయనే రైల్వే ఆయనని ఒకరికొకరు చూపించుకున్నారు.

తూకం మొదలైంది. మొదట లింగన్న ఎక్కాడు.

"అరవై ఒకటి" అన్నాడు తూచేవాడు. "దిగు."

లింగన్న నవ్వి, సరిగ్గా నిలబడ్డాడు. మళ్ళీ అరవై ఒకటి. తరువాత గార్లదిన్నె గోడ మీద యాభై తొమ్మిది అని రాసుకున్న ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అరవైన్నర తూగారు. లక్ష్మన్న, మిగతా ముగ్గురూ నిలిచారు. నలుగురితో ఆట కాదన్నారు.

గోల మొదలైంది. మైదానం పెద్దమనిషి ఒకాయన, గడ్డం మాసిన ముసలివాడు, ముద్ర వేసిన ఇరవై కిలోల గుండు తెప్పించి పలక మీద పెట్టించాడు. కాటా ఇరవై చూపింది. ఆయన చేతులు రెండూ చాపాడు, ఇంకేం చెప్పాలన్నట్టు.

"ఆ గుండు గూడా మీదే కదా" అన్నాడు గోవిందప్ప.

ఆ మాట అందరికీ నచ్చింది. ఓడిపోతామని భయపడి గుత్తోళ్ళు కాటా తిప్పేశారు. ముగ్గురికి ముగ్గురూ ఒకటే మాదిరి పెరిగారంటే అది కాటా తప్పు కాక ఇంకేమిటి? కదిరప్ప బనియన్ పైకి లాగి రొమ్ము చరుచుకున్నాడు. "మాకు తూకాలు తెలీవనుకుంటాండారా? దినానికి రెండు నూర్ల బస్తాలు తూసే ఊరు మాది." తరువాత వెంకటరాముడి చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "మా కాటాదారే ఉండాడు. చెప్పన్నా, నువ్వు చెప్పు. మన కాటా తప్పా, వీళ్ళ కాటా తప్పా?"

గుత్తి ముసలాయన వెంకటరాముడి ముఖంలోకి చూశాడు. ఆయన కూడా ఎన్నో ఏళ్ళు ఏదో మండీలో నిలబడినవాడిలా ఉన్నాడు. ఆయన ఎడమ భుజమూ వాలి ఉంది. వెంకటరాముడు ఆ భుజం చూశాడు.

"మన కాటాలో తప్పు లేదు" అన్నాడు.

డప్పు మోగింది. గార్లదిన్నె జనం గెలిచినంత హుషారుగా లారీ ఎక్కారు. కుర్చీలోని బట్టతల ఆయన గొడుగు మడిచి పక్క ఆట వైపు తిరిగాడు.

లారీలో వస్తూ లింగన్న ఒక్కడు అన్నాడు, "అయితే తిప్పేస్వామి..."

"వాని సంగతి వేరే" అన్నాడు గోవిందప్ప. "వాన్ని తూసింది మన కాటా. మన కాటా ముందర దొరికినోడు దొంగే."

సోమవారం వీరప్ప అనంతపురం పోయాడు. వాకిట్లో బండ్లు ఎక్కువే ఉన్నాయి. గుత్తి మోసం ఊళ్ళకు పాకింది. ఎన్నడూ రాని పల్లెల రైతులు కూడా నమ్మకమైన కాటా అని ఈ మండీకే తోలుకొచ్చారు.

వరుసలో మారెమ్మ ఉంది. ఆమెకు చేను లేదు. కాయ పీకిన చేలల్లో మట్టి తవ్వి, మిగిలిన కాయలు ఒక్కొక్కటే ఏరిన పరిగె ఆమెది. నెల రోజుల పరిగె సగం గోతం అయింది. గోళ్ళ కింద ఎర్రమట్టి చర్మంలోకి దిగిపోయి ఉంది. ఆమె వెనకే గోవిందప్ప బండి.

"చూడు, దొంగ తల్లి వచ్చింది" అన్నాడతను. పెద్దగా కాదు, ఆమెకు వినిపించేటంత.

తల్లి గోతాన్ని తిప్పేస్వామే ఎత్తి పలక మీద పెట్టాడు. మూతి సర్దుతున్నట్టు వంగి, వెంకటరాముడి చెవికి దగ్గరగా వచ్చాడు.

"అన్నా, మాయమ్మ కాయలకు ఆ పెట్టెలో ఉండే బిళ్ళ పెట్టు."

వెంకటరాముడి చెయ్యి దండె మీదే ఉండిపోయింది.

"శుక్రవారం నాకు పెట్టినావు కదా, తుప్పు లేనిది. మళ్ళీ లింగన్నకు గోనె కింద నుంచి తీస్తివి." వాడి గొంతులో కోపం లేదు. "నేను ఎవురికీ చెప్పలే. చెప్పను గూడా. ఒక్క మాయమ్మ కాయలకు పెట్టు."

చెబితే ఏమయ్యేదో వెంకటరాముడికి తెలుసు. ఎవరూ నమ్మరు. వాడికీ అది తెలుసు. అయినా వాడు అంత మెల్లగా అడిగాడు. పక్కవాడికి కూడా వినబడకుండా కాటాదారు పరువు కాచాడు. వెంకటరాముడు వంగి పెట్టె తెరిచాడు. నూనెగుడ్డలోంచి ఒక బిళ్ళ తీసి కొక్కేనికి తగిలించాడు. గుండు జరిపాడు.

"ఇరవై రెండుంబావు."

మారెమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. "పోయినేడు ఇంతే గోతం ఇరవై ఒకటిన్నర తూగినట్టు గుర్తప్పా" అంది. ఆమె ముఖం కొద్దిగా విప్పారింది. "ఈసారి కాయ గట్టిగా ఉన్నట్టుండాది." ఇద్దరికీ దండం పెట్టి, కొంగులో చేతులు తుడుచుకుంటూ పక్కకు జరిగింది.

గోవిందప్ప బస్తా వచ్చింది. తిప్పేస్వామి కొక్కితో చెవి పట్టి, మోకాలికి ఎత్తి, ఒకే ఊపులో పలక మీద వేశాడు. తిండి పడ్డాక బలం తిరిగి వచ్చింది.

వెంకటరాముడు కొక్కెం మీది మంచి బిళ్ళను చూశాడు. దాని పక్కన ఇంకో మంచిది తగిలిస్తే సరిపోతుంది. వీరప్ప ఊళ్ళో లేడు. పెట్టె తెరిచే ఉంది. ఈ ఒక్క రోజుకు అందరికీ వీటితోనే తూచినా అడిగేవాడు లేడు. అతని చెయ్యి పెట్టె వైపు పోయింది. పోయి, అంచు మీద ఆగింది.

తిప్పేస్వామి ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు. తరువాత ముందుకు వచ్చి, మంచి బిళ్ళను కొక్కెం మీది నుంచి దించి పెట్టెలో వేసి, మూత కాలితో మూశాడు. అరుగు మీది పాత బిళ్ళలు రెండు తీశాడు. ఒకదాన్ని అరచేతిలో ఆడించి చూసుకున్నాడు. బొటనవేలు అడుగున గుంతను తడిమింది. ఒకదాని మీద ఒకటి రెండూ కొక్కేనికి తగిలించాడు. కాటాదారు కాక ఇంకొకరు ఆ బిళ్ళలు ముట్టడం పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి. వెంకటరాముడు వద్దనలేదు.

గోవిందప్ప చుట్ట వెలిగించుకుంటూ వెనకనున్న కొత్త రైతులతో చెబుతున్నాడు. "గుత్తోళ్ళ మాదిరి కాదప్పా ఈడ. కళ్ళు మూసుకోని కాయలు పెట్టండి."

దండె ఊగి, తేలి, నిలిచింది. వెంకటరాముడు అంకె అరవడానికి నోరు తెరిచాడు.

"నలభై కిలోలు" అన్నాడు తిప్పేస్వామి, అతనికంటే ముందు. గొంతు స్పష్టంగా, వాకిలి చివరిదాకా వినిపించేలా ఉంది.